ఆరుగురికే చోటు

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి మైక్ వినిపిస్తోందా? సరే. నన్ను పిలిచినాయన టాపిక్ ఏంటండీ అని అడిగితే, మాన్‌స్టర్లని పట్టుకుని పెంచుకుని వాటితో టర్న్ల వారీగా బ్యాటిల్ చేసే గేమ్స్ ఉంటాయి కదా, వాటి గురించి మాట్లాడతానండీ అన్నా. ఫోన్లో అవతల ఒక్క క్షణం సైలెన్స్. తర్వాత "అంటే పోకెమాన్ లాంటివా? అవి చిన్నపిల్లల గేమ్స్ కదండీ" అన్నారు. (నవ్వులు) అవును చిన్నపిల్లల గేమ్సే, నేనూ చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే మొదలుపెట్టా, కాకపోతే మధ్యలో ఆపడం మర్చిపోయా అంతే.

ముందే ఒకటి ఒప్పేసుకుంటా. పక్కన కూర్చుని చూసేవాళ్ళకి ఈ గేమ్స్ అంత బోర్ ఇంకోటి ఉండదు. ఇటు ఒక బొమ్మ, అటు ఒక బొమ్మ, నువ్వొకటి కొట్టు నేనొకటి కొడతా, కింద డబ్బాలో నాలుగు మాటలు, మళ్ళీ నువ్వు, మళ్ళీ నేను. మా తమ్ముడు, వీడి గురించి తర్వాత మళ్ళీ వస్తా, వీడు నాకు ఒక ఘోరమైన అన్యాయం చేశాడు, వాడు చూసి చూసి "అన్నయ్యా, అవతలోడు కొడుతుంటే నీవాడు గుడ్లప్పగించి చూస్తాడేంటి, పక్కకి జరగొచ్చు కదా" అనేవాడు. అప్పట్లో కోపం వచ్చేది కానీ ఇప్పుడు ఆలోచిస్తే చాలా మంచి ప్రశ్న అది. పక్కకి జరగడం అనేది వేళ్ళ పని. ఈ గేమ్స్‌లో వేళ్ళకి పనే లేదు. కొట్టాలా, మార్చాలా, మందు వాడాలా, పారిపోవాలా, ఆ నాలుగింట్లో ఒకటి నువ్వు ఎంచుకునేదాకా గేమ్ కదలదు. లేచెళ్ళి స్నానం చేసి, తిని, ఎవరితోనో గంట ఫోన్ మాట్లాడి తిరిగొస్తే శత్రువు అక్కడే నిలబడి ఉంటాడు పాపం, ఎదురుచూస్తూ.

చాలామంది దీన్ని లోపం అంటారు, పాత మెషీన్లలో పవర్ లేక అలా చేశారు అంటారు. కొంత నిజమే అయ్యుండొచ్చు, కానీ దీనివల్ల ఇంకోటి జరుగుతుంది. వేరే గేమ్‌లో ఓడిపోతే చెయ్యి జారింది, బటన్ సరిగ్గా పడలేదు, వెలుతురు కళ్ళలో పడింది అని వంద సాకులు చెప్పొచ్చు. ఇక్కడ టైమ్ మొత్తం నీదే, ఎదురుగా నాలుగు మూవ్స్ రాసి పెట్టి ఉన్నాయి, అందులో ఒకటి నువ్వే చూసి నువ్వే నొక్కావు. ఓడిపోతే ఆ ఓటమి నీది. గెలిస్తే ఆ గెలుపు కూడా అంతే గట్టిగా నీది.

దీనికి నా దగ్గర ఒక సాక్ష్యం ఉంది. 2014 ఫిబ్రవరి 12న పేరు చెప్పుకోని ఒక ప్రోగ్రామర్ ట్విచ్ అనే లైవ్ వీడియో సైట్‌లో సిరీస్‌లోని మొదటి గేమ్ పోకెమాన్ రెడ్ పెట్టి, చాట్‌లో జనం ఏం టైప్ చేస్తే ఆ బటన్ పడేలా సెట్ చేసి వదిలేశాడు. ఒక దశలో ఒకేసారి లక్ష మంది దాటారు. ఒకడు పైకి అంటే ఒకడు కిందకి అంటాడు, హీరో గోడలకి గుద్దుకుంటూ, ఊరికే బ్యాగ్ తెరుస్తూ మూస్తూ, ఒక గట్టు పక్కన గంటలు గంటలు పడి ఉన్నాడు. బ్యాగ్ తెరిచినప్పుడల్లా హెలిక్స్ అనే శిలాజం చేతికి తగులుతోందని జనం దాన్నే దేవుణ్ణి చేసేశారు. మొట్టమొదట తీసుకున్న పోకెమాన్‌ని పొరపాటున రిలీజ్ చేసేశారు, అంటే శాశ్వతంగా వదిలేశారు, తర్వాత ఎంత ఏడ్చినా రాదు. అయినా 16 రోజుల్లో గేమ్ పూర్తయింది! లక్ష మంది లక్ష దిక్కులకి లాగినా బండి చివరికి చేరిందంటే కారణం ఒకటే, గేమ్ వాళ్ళ కోసం ఆగింది. పరిగెత్తి దూకే గేమ్ ఏదైనా పెట్టి ఉంటే మొదటి గోతిలోనే అందరూ కలిసి పడిపోయేవాళ్ళు.

సరే, ఆగుతుంది, ఆగినప్పుడు ఏం చేస్తాం? ఒక్క సీన్ చెప్తా, ఈ గేమ్స్ తెలియనివాళ్ళు కూడా ఇది ఒక్కటి ఊహించుకోండి. అదే మొదటి గేమ్‌లో సెరూలియన్ సిటీ దాటి పైకెళ్తే గడ్డిలో ఏబ్రా అని ఒకటి దొరుకుతుంది, దాని గురించి తర్వాత వచ్చిన ఎల్లో వెర్షన్‌లో రాసిందే రోజుకి 18 గంటలు నిద్రపోతుందని. అది పెద్దగా రాదు, నడిచి నడిచి విసుగొచ్చాక ఒకసారి కనిపిస్తుంది. దానికి తెలిసిన మూవ్ ఒక్కటే, టెలిపోర్ట్, అంటే మాయమైపోవడం. మామూలుగా అయితే అడవి మాన్‌స్టర్‌ని కొట్టి నీరసపెట్టి, కుదిరితే నిద్రపుచ్చి, అప్పుడు దాన్ని లోపల బంధించే బాల్ వెయ్యాలి, తర్వాత వచ్చిన గేమ్స్ లెక్క ప్రకారం హెచ్‌పీ, అంటే ఒంట్లో ప్రాణం లెక్క, నిండుగా ఉన్నదానికంటే ఒక్క పాయింట్‌కి దించినదాన్ని పట్టుకునే ఛాన్స్ దాదాపు మూడింతలు. కానీ ఏబ్రాతో ఆ పప్పులుడకవు. అది నీకంటే స్పీడు, నువ్వు కొట్టేలోపే వెళ్ళిపోతుంది. బాల్ మాత్రం మూవ్స్ కంటే ముందు పడుతుంది. అంటే నీకున్నది ఒకే ఒక్క విసురు.

ఆ ఒక్క విసురు ముందు నేను ఎంతసేపు కూర్చునేవాణ్ణో మీకు చెప్తే నవ్వుతారు. బ్యాగ్‌లో మామూలు బాల్స్ పది ఉన్నాయి, వాటికంటే బాగా పట్టే గ్రేట్ బాల్ ఒక్కటే ఉంది, ఇప్పుడు వాడేస్తే ముందు ఇంకేదైనా మంచిది వస్తే ఏంటి పరిస్థితి, వాడకపోతే ఇది పోతే మళ్ళీ ఎప్పుడు కనిపిస్తుందో, స్క్రీన్ మీద అది కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటుంది, మ్యూజిక్ తిరిగి తిరిగి అదే మోగుతూ ఉంటుంది, నేను మాత్రం నా ఆస్తి మొత్తం పణంగా పెడుతున్నట్టు మొహం పెట్టుకుని కూర్చుంటా. చివరికి వేస్తా. బాల్ కింద పడి ఒకసారి ఊగుతుంది, రెండోసారి, ఇక్కడ ప్రతి ఒక్కళ్ళూ చేసే పని ఒకటుంది, చేతులెత్తండి, బాల్ ఊగుతుంటే బి బటన్ గట్టిగా నొక్కి పట్టుకున్నవాళ్ళు ఎంతమంది? (చేతులు, నవ్వులు) చూశారా. దానివల్ల ఏమీ జరగదండి, ప్రోగ్రామ్‌లో ఆ బటన్‌కి క్యాచ్‌కి సంబంధమే లేదు. ఎవరు కనిపెట్టారో తెలీదు, ఎక్కడెక్కడి పిల్లలో ఒకళ్ళకొకళ్ళు తెలియకుండానే అదే నమ్మారు. తెలిసి కూడా నేను ఇప్పటికీ నొక్కుతా.

ఇంత కష్టపడి పట్టుకున్న ఏబ్రా ఎందుకూ పనికిరాదు, దానికి కొట్టడం రాదు కదా! 16వ లెవెల్ దాకా దాన్ని ముందు నిలబెట్టి వెంటనే వెనక్కి లాగి వేరేవాళ్ళతో కొట్టించి, పిల్లాణ్ణి భుజాన మోసినట్టు మోస్తే అప్పుడు కడాబ్రా అవుతుంది. కడాబ్రా అలకజామ్ అవ్వాలంటే ఇంకా పెద్ద చిక్కు, ఎంత ఆడినా అవ్వదు, కేబుల్ పెట్టి ఇంకో మనిషికి పంపించాలి, అక్కడ మారుతుంది, తర్వాత వాడు తిరిగి ఇవ్వాలి. ఇస్తాడా ఇవ్వడా అనేది వాడి మీద ఆధారపడి ఉంటుంది, గేమ్‌కి సంబంధం లేదు. మాలో చాలామందికి నమ్మకం అంటే ఏంటో మొదట తెలిసింది అక్కడే.

ఆ కేబుల్ సంగతి కొంచెం చెప్పాలి. సతోషి తజిరి అని, గేమ్ ఫ్రీక్ కంపెనీ పెట్టినాయన, చిన్నప్పుడు పురుగులు పట్టుకోవడం పిచ్చి ఆయనకి. గేమ్‌బాయ్‌లు, అంటే చేత్తో పట్టుకుని ఆడే మెషీన్లు, రెండింటిని కలిపే కేబుల్ చూసినప్పుడు ఆయనకి అందులోంచి ఒక పురుగు అటు నుంచి ఇటు పాకుతున్నట్టు ఊహ వచ్చిందట. అప్పటిదాకా ఆ కేబుల్ ఎక్కువగా ఒకళ్ళని ఒకళ్ళు ఓడించుకోడానికే. ఆ ఊహ గేమ్‌గా బయటికి రావడానికి దాదాపు 6 ఏళ్ళు పట్టింది, 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో రెడ్, గ్రీన్ అని రెండు వెర్షన్లు వచ్చాయి. రెండూ ఒకే గేమ్, కాకపోతే కొన్ని ఇందులో ఉండవు, కొన్ని అందులో ఉండవు. డబ్బులు గుంజడానికి అని తిట్టేవాళ్ళు ఉన్నారు, నేనూ తిట్టా, కానీ ఎక్స్‌చేంజ్ చెయ్యాలంటే నీ దగ్గర లేనిది ఇంకొకడి దగ్గర ఉండాలి కదా. నాది రెడ్. మా ఫ్రెండ్‌ది బ్లూ, జపాన్ బయట గ్రీన్ బదులు వచ్చింది అదే, వాడికి శాండ్‌ష్రూ దొరుకుతుంది నాకు దొరకదు, నాకు ఈకన్స్ దొరుకుతుంది వాడికి దొరకదు. ఇద్దరం అంతకుముందు పెద్దగా మాట్లాడుకున్నవాళ్ళం కూడా కాదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఈ సిరీస్‌కి ఇంగ్లీషులో ఒక స్లోగన్ పెట్టారు, అన్నిటినీ పట్టెయ్యాలి అని. నా ఉద్దేశంలో జనాన్ని అంతకంటే తప్పుదారి పట్టించిన స్లోగన్ లేదు. మొదటి గేమ్‌లో 151 ఉన్నాయి, ఇప్పుడు వెయ్యి దాటాయి. పట్టుకో, ఎవరొద్దన్నారు. కానీ నీతో నడిచేది ఆరు. ఒక్కోదానికి మూవ్స్ నాలుగు. ఐదోది నేర్చుకోవాలంటే పాతది ఒకటి మర్చిపోవాలి, గేమ్ నిన్నే అడుగుతుంది ఏది మర్చిపోమంటావ్ అని. మిగతావన్నీ పీసీ బాక్స్‌లోకి. మొదటి గేమ్‌లో 12 బాక్సులు, ఒక్కోదాంట్లో 20, మొత్తం 240 మందికి చోటుంది, నీ పక్కన మాత్రం ఆరుగురికే.

పట్టుకోవడం సరదా, అది ఎవరికైనా తెలిసిపోతుంది. ఈ గేమ్స్ మనసుకి పట్టేది మాత్రం ఎవర్ని బాక్స్‌లో పెట్టాలి అన్న దగ్గర. మొదటి గంటలో పట్టుకున్న పిడ్జీ, చిన్న పిట్ట, నీతోపాటు మూడు ఊళ్ళు తిరిగింది, గుహలో చీకట్లో నిన్ను రెండుసార్లు కాపాడింది, ఇప్పుడు దానికంటే గట్టి పక్షి ఒకటి దొరికింది. లెక్క చూస్తే పాతదాన్ని తీసెయ్యాలి. అన్ని విధాలా తీసెయ్యాలి. చెయ్యి వెళ్ళదు. నేను బుజ్జి అని పేరు పెట్టా దానికి, చిన్నగా ఉన్నప్పుడు ముద్దొచ్చి పెట్టేశా, అది 18వ లెవెల్‌లో ఒకసారి 36లో ఒకసారి మారి రెక్కలు చాపితే స్క్రీన్ నిండే పెద్ద పిడ్జియాట్ అయ్యింది, పేరు మాత్రం బుజ్జే. జిమ్ లీడర్ ముందు, అంటే ఓడించి బ్యాడ్జి గెలుచుకోవాల్సిన పెద్దవాడి ముందు, "గో బుజ్జి" అని వస్తుంటే సిగ్గేసేది. (నవ్వులు) అయినా తియ్యలేదు.

ఈ వదులుకోవడాన్ని ఇంకా సూటిగా పెట్టిన గేమ్స్ ఉన్నాయి, పైగా అవి పోకెమాన్ కంటే ముందువి. 1987లో ఫామికామ్ అనే నింటెండో మెషీన్‌లో వచ్చిన మెగామి టెన్సేలో శత్రువులైన దెయ్యాలతో మాట్లాడి బేరమాడి మన వైపు తిప్పుకోవచ్చు, డబ్బడుగుతాయి, వస్తువులడుగుతాయి, కొన్ని తీసుకుని వెళ్ళిపోతాయి కూడా, మనుషుల కంటే ఏం తక్కువ కాదు. తర్వాత రెండింటిని కలిపితే ఒక కొత్తది పుడుతుంది. ఆ రెండూ పోతాయి. ఇరవై గంటలు నీతో ఉన్నది, నీకు వంద బ్యాటిల్స్ గెలిపించినది, ఒక్క బటన్‌తో లేదు, దాని బదులు కొత్త మొహం ఒకటి నీ ముందు నిలబడి నమస్కారం పెడుతుంది. మొదటిసారి చేసినప్పుడు నాకు తప్పు చేసినట్టనిపించింది. పదోసారికి లెక్కలు వేసుకుంటూ మెనూలో గంట గడిపేస్తున్నా. డ్రాగన్ క్వెస్ట్‌లో 1992 నాటి ఐదో భాగంలో ఓడిన మాన్‌స్టర్లు లేచి నీతో వస్తామంటాయి, అదొక తీపి, మళ్ళీ 1998లో దాని పిల్ల సిరీస్ డ్రాగన్ క్వెస్ట్ మాన్‌స్టర్స్‌లో రెండింటికి జత కలిపితే గుడ్డు పుడుతుంది, తల్లీ తండ్రీ సెలవు తీసుకుంటాయి. నీకు అలవాటైంది పోతేనే కొత్తది వస్తుంది అన్నమాట.

టైప్స్, అంటే ఒక్కో మాన్‌స్టర్ ఏ జాతిదన్నది, వాటి గురించి ఎక్కువ చెప్పను, ఆ టేబుల్ అందరికీ తెలిసిందే, నీళ్ళు నిప్పుని ఆర్పుతాయి, నిప్పు గడ్డిని కాలుస్తుంది, గడ్డి నీళ్ళని తాగేస్తుంది. మొదట 15 ఉండేవి, ఇప్పుడు 18, అంటే ఎవరు ఎవర్ని కొడితే ఏంటి అని 324 గళ్ళు. ఎక్కాలు రావని దెబ్బలు తిన్న పిల్లలు కూడా ఇది నోటికి చెప్తారు, ఎవరూ కూర్చోబెట్టి బట్టీ పట్టించలేదు, ఓడిపోయి ఓడిపోయి ఎక్కించుకున్నారు. మనం నేర్చుకున్నది తప్పయిన సందర్భం కూడా ఉంది, మొదటి గేమ్‌లో సైకిక్ టైప్‌కి దెయ్యాలంటే భయం అని గేమ్‌లోనే ఒక క్యారెక్టర్ చెప్తాడు, తీరా ప్రోగ్రామ్‌లో తప్పు వల్ల దెయ్యం మూవ్ సైకిక్‌కి అసలు తగలనే తగలదు. అది నమ్మి దెయ్యాన్ని పెంచి తీసుకెళ్ళినవాళ్ళ ఉసురు ఊరికే పోదు.

దానికంటే నాకు బాగా నచ్చేది బలహీనులు గెలిచే దారి. రటాటా అని ఎలుక, గేమ్‌లో మొదటి పది నిమిషాల్లో కనిపించేది, ఎవరూ లెక్కచెయ్యరు. లెవెల్ 1 రటాటాకి ఫోకస్ సాష్ అనే నడికట్టు కట్టి లెవెల్ 100 రాక్షసుడి ముందు నిలబెట్టారనుకోండి. వాడు మొదట కొడతాడు, ఎలుక పోవాలి, కానీ ఆ నడికట్టు ఒక్కసారికి కాపాడుతుంది, ఒక్క హెచ్‌పీ మిగులుతుంది. ఇప్పుడు ఎలుక ఎండెవర్ అనే మూవ్ వాడుతుంది, దాని పనేంటంటే అవతలోడి హెచ్‌పీని నా హెచ్‌పీతో సమానం చెయ్యడం. నాది ఒకటి. వాడిదీ ఒకటి. తర్వాతి టర్న్‌లో క్విక్ అటాక్, ఎంత నిదానమైనవాడు వేసినా ముందు పడే మూవ్ అది, అంతే సంగతులు, కొండంత రాక్షసుడు పడిపోతాడు. పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే. ఇది ఎదురుతిరగడానికీ దారులున్నాయి, అవతల దెయ్యం టైప్ ఉంటే ఆ రెండు మూవ్స్ తగలవు, ఇసుక తుఫాను రేగితే ఆ ఒక్క పాయింట్ కూడా పోతుంది, ఆ సంగతి తెలిసినవాడు తుఫాను రేపుతాడు, అది తెలిసి నువ్వు ఇంకేదో చేస్తావు, ఇలా పోతూనే ఉంటుంది. మొత్తం మూడు టర్న్లు కూడా పట్టని ఈ ప్లాన్‌లో వేళ్ళ వేగం ఎక్కడుంది చెప్పండి?

2014 పోకెమాన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో కొరియాకి చెందిన సే జున్ పార్క్ టీమ్‌లో పచిరిసు ఉంది. ముద్దుగా ఉండే ఉడత, బ్యాటిల్స్‌కి పనికిరాదని అందరూ పక్కన పెట్టింది. ఆయన దాంతో ఫాలో మీ అనే మూవ్ వేయించి, పక్కనున్న పెద్దవాడి మీదకి రావాల్సిన దెబ్బలన్నీ ఆ ఉడత మీదకి లాగించి, వెనక పెద్దవాడితో పని కానిచ్చాడు. ఛాంపియన్ అయ్యాడు. మన ఆరుగురిలో ఒక ఖాళీ దానికి ఇవ్వాలంటే ఎంత ధైర్యం ఉండాలి.

మ్యాజికార్ప్ కథ మీకు తెలుసు, ఒక్క నిమిషంలో చెప్పేస్తా. గుహ ముందు ఒకడు గేమ్ డబ్బు 500కి ఒక చేపని అంటగడతాడు, దానికి వచ్చిందల్లా నీళ్ళు చిమ్మడం, చిమ్మితే ఏమీ జరగలేదు అని స్క్రీన్ మీద వస్తుంది. మోసపోయాం అనుకుంటాం. దాన్ని 20వ లెవెల్ దాకా మోస్తే గ్యారడోస్ అవుతుంది, దాన్ని చూస్తే గుండె జారుతుంది. నాకు ఆసక్తి ఏంటంటే, ఆ 20వ లెవెల్ దాకా దాన్ని మోసినవాళ్ళు ఆరు ఖాళీల్లో ఒకటి ఖర్చుపెట్టి మోశారు. అది ఊరికే వచ్చింది కాదు.

ఇక ఇదే ఆటని చేజేతులా కష్టం చేసుకున్నవాళ్ళున్నారు, నజ్‌లాక్ అంటారు. 2010లో ఒకాయన తను ఆడిన ఆటని కామిక్‌గా గీసి పెడితే అందులోంచి వచ్చిన రూల్స్ ఇవి. పడిపోయిన పోకెమాన్ చచ్చినట్టే లెక్క, మళ్ళీ వాడకూడదు. ఒక్కో ఏరియాలో మొదట ఎదురైనదాన్నే పట్టుకోవాలి. చాలామంది ప్రతిదానికీ పేరు కూడా పెట్టాలంటారు. గేమ్ ఇవేవీ అడగదు, ఎవరూ చెక్ చెయ్యరు, నీకు నువ్వే పోలీసు. నేను ఒకసారి ఆడా, ఎప్పుడూ చూడని మాన్‌స్టర్లని టీమ్‌లో పెట్టుకోవాల్సి వచ్చింది ఎందుకంటే దొరికినవే దిక్కు, అందులో ఒకటి నాలుగో జిమ్‌లో క్రిటికల్ హిట్, అంటే లక్కుతో పడే పెద్ద దెబ్బ, తగిలి పోయింది. ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు గోడ చూస్తూ కూర్చున్నా. ఒక బొమ్మ కోసం. రూల్ ఎత్తేస్తే అది బతికే ఉంది, వైద్యం చేసే సెంటర్‌కి తీసుకెళ్తే రెండు సెకన్లలో నయమవుతుంది, అయినా చెయ్యలేదు.

అన్నీ పొగిడి వెళ్ళిపోతే మోసం అవుతుంది కాబట్టి తిట్లు కూడా తిడతా. గుహల్లో నాలుగడుగులకో గబ్బిలం వచ్చి మీద పడుతుంది చూడండి, అదెవరికి కావాలి? లెవెల్ చాలలేదని అదే గడ్డిలో రెండు గంటలు అటూ ఇటూ నడవడం ఆట కాదు, కూలి. అదృష్టం విషయంలో కూడా నాకు పేచీ ఉంది, ఇందాక ఓటమి నీదే అన్నా కదా, అందులో కొంచెం అబద్ధం ఉంది, ఎంత బాగా ఆలోచించినా అవతలోడికి ఒక క్రిటికల్ పడితే ప్లాన్ మొత్తం కూలిపోతుంది. ఈ విషయంలో 2003లో వచ్చిన షిన్ మెగామి టెన్సే మూడోది నయం, అందులో శత్రువు బలహీనతని కొడితే నీకు సగం టర్న్ మిగులుతుంది, గురి తప్పితే రెండు టర్న్లు పోతాయి, ఈ రూల్ వాడికీ నీకూ ఒకటే, వాడు నిన్ను దొరకబుచ్చుకుంటే నీ టీమ్ మొత్తం నీ కళ్ళముందే ఊడ్చుకుపోతుంది, ఏడుస్తావు కానీ ఎందుకు ఓడావో తెలుస్తుంది. రంగు మారిన పోకెమాన్ కోసం 4096లో ఒకటి అనే ఛాన్స్ మీద వారాలు వారాలు కూర్చునేవాళ్ళు నాకు అర్థం కారు, ఇక్కడ ఉంటే ఏమనుకోకండి. ఇంక ఫోన్లలో డబ్బు కట్టి లాటరీ తీస్తే మాన్‌స్టర్ వచ్చే గేమ్స్, వాటికి వీటికి పోలికే లేదు నా దృష్టిలో, అక్కడ ఏబ్రా ముందు కూర్చున్న ఆ పది నిమిషాలు లేవు.

2019లో పోకెమాన్ స్వోర్డ్, షీల్డ్ అనే గేమ్స్ వచ్చినప్పుడు పాత పోకెమాన్లు అన్నిటినీ అందులోకి తెచ్చుకోవడం కుదరదన్నారు, జనం అగ్గిమీద గుగ్గిలం అయ్యారు. బయటివాళ్ళు నవ్వారు, అన్ని వందల్లో కొన్ని లేకపోతే ఏంటయ్యా అని. వాళ్ళ కోపం నాకు అర్థమైంది. బాక్స్‌లో పెట్టడం నేను చేస్తే ఒకటి, నా తరఫున ఇంకెవరో చేస్తే ఇంకోటి.

టైమ్ అయిపోవచ్చింది, ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: "మీ తమ్ముడు చేసిన అన్యాయం ఏంటో చెప్పనే లేదు సార్!")

(నవ్వులు) అవును మర్చిపోయా. ఆ పాత కార్ట్రిడ్జిల్లో సేవ్ ఫైల్ ఒక్కటే ఉంటుంది. ఒక్కటంటే ఒక్కటే. ఎవరైనా కొత్త గేమ్ మొదలుపెట్టి సేవ్ కొట్టారా, పాతది గోవిందా. మావాడు నేను లేనప్పుడు తీసి, పక్కకి జరగడం కుదురుతుందేమో చూద్దామని మొదలుపెట్టాడు, పది నిమిషాలు ఆడి బుద్ధిగా సేవ్ చేసి పెట్టేశాడు. నా 90 గంటలు, 12 బాక్సులు, ఏబ్రా నుంచి చేసుకున్న అలకజామ్, అన్నీ పోయాయి. వాడికి ఏం చేశాడో కూడా తెలీదు, ఏడుస్తుంటే వచ్చి "ఏమైంది అన్నయ్యా" అన్నాడు.

ఒక్కటి మిగిలింది. అంతకు రెండు రోజుల ముందు బ్లూ ఉన్న ఫ్రెండ్‌కి శాండ్‌ష్రూ తీసుకుని బుజ్జిని అరువిచ్చా, వారంలో తిరిగిస్తా అన్నాడు. అన్నమాట ప్రకారం ఇచ్చాడు కూడా, బదులుగా నేను కొత్త గేమ్‌లో అప్పుడే పట్టిన రటాటా పంపితే నవ్వుకుంటూ తీసుకున్నాడు. కేబుల్‌లోంచి బుజ్జి వచ్చింది, లెవెల్ 41, స్టేటస్ స్క్రీన్‌లో దీన్ని పట్టుకున్నది ఎవరు అన్న చోట నా పేరే ఉంది. నేను కొత్త గేమ్‌కి కూడా అదే పేరు పెట్టుకున్నా. సంతోషం పట్టలేక నేరుగా మొదటి జిమ్‌కి తీసుకెళ్ళి అక్కడి లీడర్ బ్రాక్ ముందు నిలబెట్టా.

మాట వినలేదు. పేరు పక్కన ఒక నంబర్ కూడా ఉంటుంది, ప్రతి కొత్త ఆటకీ అది మారుతుంది, గేమ్ చూసేది ఆ నంబర్‌ని. దాని లెక్కలో నేను బుజ్జికి పరాయివాణ్ణి, పైగా నా దగ్గర ఒక్క బ్యాడ్జి లేదు. నేను మూవ్ నొక్కుతా, బుజ్జి మొహం తిప్పుకుంటుంది. మళ్ళీ నొక్కుతా, కునుకు తీస్తుంది. ఎదురుగా రాళ్ళు దాన్ని కొడుతూనే ఉన్నాయి, పక్కన మా తమ్ముడు కూర్చుని చూస్తున్నాడు, ఈసారి ఏమీ అనలేదు.

తీసి బాక్స్‌లో పెట్టా. నాలుగో బ్యాడ్జి వచ్చాక బయటికి తీశా, అప్పుడు వింది.